అందరి కష్టాలూ వినే ఆనీ

దయ్యాల సినిమా అనగానే మీలో సగంమంది పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. కాస్త ఆగండి! ఇందులో తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, అర్ధరాత్రి పాటలు పాడే ఆడమనిషి లేదు. ముగ్గురు మగపిల్లల్ని వెంటపెట్టుకుని, భర్త పోయిన ఇంటిని ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న ఒక తల్లి ఉంది. వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ, పిల్లల్ని స్కూలుకు పంపుతూ, మధ్యమధ్య వచ్చిన వాళ్ళ గోడు వింటూ ఉంటుంది. అచ్చం మనలాగే! కాకపోతే మనకు కనిపించనివి కొన్ని ఆవిడకు కనిపిస్తాయి.

సినిమా పేరు 'ది గిఫ్ట్'. 2000 సంవత్సరం చివర్లో అమెరికాలో విడుదలైంది. గిఫ్ట్ అంటే ఇక్కడ పుట్టినరోజు కానుక అని కాదు, పుట్టుకతో వచ్చిన శక్తి అని. తీసింది శామ్ రైమీ. తరువాత 2002లో మన పిల్లలందరికీ ఇష్టమైన 'స్పైడర్ మ్యాన్' తీసిన ఆయనే. ఇదే పేరుతో 2015లో ఇంకో సినిమా వచ్చింది. అది వేరు, దీనికీ దానికీ సంబంధం లేదు. వెతికి చూసేవాళ్ళు కేట్ బ్లాంచెట్ ఉందో లేదో చూసుకుని మరీ మొదలుపెట్టండి.

ఇలాంటి కథలను 'సదరన్ గోథిక్' అంటారు. సదరన్ అంటే మన దక్షిణాది కాదండోయ్, అమెరికాలో దక్షిణాది. జార్జియా, అలబామా, మిసిసిపీ, లూసియానా వంటి రాష్ట్రాలు. ఇక గోథిక్ కథలు మొదలైంది ఇంగ్లండులో. 1764లో వచ్చిన 'ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో' అనే నవలను వీటికి మొదటిదిగా చెబుతారు. పాడుబడిన కోట, నేలమాళిగలు, పూర్వీకుల పాపాలు, భయపడి పరుగెత్తే ఆడపిల్ల... ఇవీ దినుసులు. అమెరికాలో అలాంటి కోటలెక్కడివి? అందుకని అక్కడి రచయితలు పత్తి తోటల యజమానుల పాత బంగళాలు, చిత్తడి నేలలు, అందరికీ అందరి గుట్టూ తెలిసిన చిన్న ఊళ్ళు తీసుకున్నారు. ఆ బంగళాల వైభవమంతా బానిసల చెమటతో కట్టిందే. 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధంలో దక్షిణాది ఓడిపోయింది. బానిసత్వం పోయింది. కానీ ఆ నేల మీద జరిగిన అన్యాయం మాత్రం ఇంకా ఇళ్ళ మూలల్లో నక్కి ఉన్నట్టే ఈ కథలు చెబుతాయి. 1949 సంవత్సరానికి నోబెల్ బహుమతి పొందిన విలియం ఫాక్నర్, జార్జియాలోనే పుట్టిన ఫ్లానరీ ఓకానర్ ఈ తరహా రచనకు పేరుపడ్డవాళ్ళు. ఈ కథల్లో దయ్యం ఉన్నా లేకపోయినా, ఊరంతా కలిసి దాచుకున్న రహస్యం మాత్రం ఒకటి తప్పకుండా ఉంటుంది.

'ది గిఫ్ట్' చిత్రీకరణ జార్జియా రాష్ట్రంలోని సవానా ప్రాంతంలో జరిగింది. పెద్దపెద్ద ఓక్ చెట్లు, వాటి కొమ్మల నుంచి నెరిసిన గడ్డాల్లా వేలాడే బూడిదరంగు నాచు... చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. దాన్ని స్పానిష్ మాస్ అంటారు. తమాషా ఏమిటంటే అది నాచూ కాదు, స్పెయిన్ నుంచి వచ్చిందీ కాదు. మనం తినే అనాసపండు కుటుంబానికి చెందిన మొక్క! చెట్టు రసం పీల్చదు, గాలిలోని తేమ మీదే బతుకుతుంది. ఒకప్పుడు అక్కడివాళ్ళు దాన్ని ఎండబెట్టి పరుపుల్లో కూరేవారు, మనం బూరుగుదూది కూరుకున్నట్టు. సినిమాలో అంతగా భయపెట్టిన వస్తువు ఇంతేనా అనిపిస్తుంది కదూ!

సరే, కథలోకి వద్దాం. హంతకుడెవరో మాత్రం చెప్పను. బతిమాలినా చెప్పను.

బ్రిక్స్‌టన్ అనే చిన్న ఊరు. ఆనీ విల్సన్ భర్త పని చేసేచోట ప్రమాదంలో పోయి ఏడాది అయింది. ముగ్గురు పిల్లలు. వచ్చే కొద్దిపాటి భృతి చాలక, ఇంటికి వచ్చిన వాళ్ళకు చీట్లు తీసి జోస్యం చెబుతుంది. ఇంత అని అడగదు, ఇచ్చింది పుచ్చుకుంటుంది. ఊరిలో కొందరు ఆమెను దేవతలా చూస్తే, కొందరు మంత్రగత్తె అంటారు. చర్చికి తప్పకుండా వెళ్ళే ఊరు మరి! సరిగ్గా ఆ సమయంలో ఊరి ధనవంతుడి కూతురు జెస్సికా కనిపించకుండా పోతుంది. స్కూలు ప్రిన్సిపాలుతో పెళ్ళి నిశ్చయమైన పిల్ల. పోలీసులు వెతికి వెతికి విసిగి, నమ్మకం లేకపోయినా ఆనీ గుమ్మం ఎక్కుతారు. మొదట ఆమెకేమీ కనిపించదు. ఆ తరువాత ఒక రాత్రి కనిపిస్తుంది. నీళ్ళు, గొలుసులు, ఒక చెరువు...

ఈ సినిమా కథ రాసిన ఇద్దరిలో ఒకరు నటుడు బిల్లీ బాబ్ థార్న్‌టన్. రెండోవారు ఆయన స్నేహితుడు టామ్ ఎపర్సన్. ఇద్దరూ దక్షిణాదిలోని ఆర్కెన్సా రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళే. థార్న్‌టన్ తల్లికి ఇలాంటి శక్తి ఉందని చుట్టుపక్కల పేరుండేదట. ఆవిడ అనుభవాలే ఈ కథకు ఆధారమని ఆయన చెప్పుకున్నారు. అందుకే కాబోలు, ఆనీ మాయలమారిలా కాక ఒక అమ్మలా కనిపిస్తుంది. కొడుకు రాసిన అమ్మ కదా!

ఆ చీట్ల సంగతి చెప్పాలి మీకు. ఆనీ చేతిలో ఉండేవి రాజు, రాణి బొమ్మల పేకముక్కలు కావు. వలయం, కూడిక గుర్తు, మూడు అలల గీతలు, చతురస్రం, నక్షత్రం... అయిదే గుర్తులు. ఒక్కొక్కటి అయిదేసి చొప్పున మొత్తం 25 ముక్కలు. వీటిని జెనర్ కార్డులంటారు. 1930లలో నార్త్ కరొలైనాలోని డ్యూక్ యూనివర్సిటీలో కార్ల్ జెనర్, జె.బి. రైన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వీటిని తయారుచేయించారు. జోస్యం కోసం కాదు, మనుషులకు అతీంద్రియ శక్తి నిజంగా ఉందో లేదో పరీక్షించడానికి! ముక్క చూడకుండా గుర్తు చెప్పమంటారు. ఊరికే గుడ్డిగా చెప్పినా సగటున 25కి 5 సరిపోతాయి. అంతకన్నా ఎక్కువ, అదీ పదేపదే, చెప్పగలిగితేనే లెక్కలోకి వస్తుంది. అలా చెప్పినవాళ్ళు ఉన్నారని రైన్ ప్రకటించారు. తరువాత గట్టి జాగ్రత్తలతో చేసినవాళ్ళకు మాత్రం ఆ ఫలితాలు మళ్ళీ రాలేదు. అదీ సంగతి. కాబట్టి సినిమా చూసి రేపు ఎవరి దగ్గరికో చెయ్యి చాపుకుని వెళ్ళకండి!

మరి అందులో ఏముందని ఇంత చెబుతున్నావు అంటారా? చెబుతాను.

మన చిన్నప్పుడు మధ్యాహ్నంవేళ వీధిలో "సోది చెబుతానమ్మ సోది" అని కేక వినిపించేది గుర్తుందా? చంకలో బుట్ట, చేతిలో పుల్లతో వచ్చే ఎరుకలామెను పిలిచి, మా వీధి ఆడవాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టేవారు. చేటలో బియ్యం పోసి ముందు పెట్టేవారు. నేను స్తంభం చాటున నిలబడి చూసేదాన్ని. ఆవిడ చెప్పింది తక్కువ, వీళ్ళు చెప్పుకున్నది ఎక్కువ! "నీ మనసులో ఒక దిగులుంది తల్లీ" అని ఆవిడ ఒక్క మాట అనడం ఆలస్యం, అత్తగారి దగ్గర, ఆడబిడ్డ దగ్గర, కట్టుకున్నవాడి దగ్గర కూడా నోరు విప్పని ఇల్లాలు కళ్ళు తుడుచుకుంటూ అన్నీ చెప్పేసేది. ఆ మాటలకు ఊకొట్టే మనిషి ఇంకొకరు లేరు మరి. చేటలో బియ్యం జోస్యానికి ఇచ్చిన కూలి అనుకునేదాన్ని అప్పట్లో. విన్నందుకు ఇచ్చిన కూలి అని ఇప్పుడనిపిస్తుంది.

ఆనీ చేసేదీ అదే. ఒకావిడకు ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెబుతుంది. తండ్రి పేరెత్తితేనే వణికిపోయే కారు మెకానిక్ బడ్డీని పక్కన కూర్చోబెట్టుకుని అనునయిస్తుంది. ముఖం మీద దెబ్బలతో వచ్చిన వాలరీతో ఆ మొగుణ్ణి వదిలి బయటపడమంటుంది. ఇవన్నీ చెప్పడానికి దివ్యదృష్టి ఏమీ అక్కరలేదు. మామూలు కళ్ళు తెరిచి చూస్తే చాలు. మనలో ప్రతి ఇంట్లోనూ, ప్రతి వీధిలోనూ ఇలాంటి ఒక ఆవిడ ఉంటుంది. బహుశా అది మీరే కావచ్చు!

ఈ వాలరీ గురించి ఆగి చెప్పుకోవాలి. ఆ పాత్ర వేసింది హిలరీ స్వాంక్. ఆ ఏడాదే, అంటే 2000లోనే, వేరే సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. ఆమె మొగుడు డానీగా కియాను రీవ్స్. 'స్పీడ్'లో బస్సును, అందులోని జనాన్ని కాపాడిన కుర్రవాడు! ఇక్కడ ఆ ముఖం చూస్తేనే దడ పుడుతుంది. భార్యను గొడ్డును బాదినట్టు బాదుతాడు. ఆమెకు మంచిచెడ్డా చెప్పిందని ఆనీ ఇంటి మీదికొచ్చి, పిల్లల పేరెత్తి బెదిరిస్తాడు. ఇంత జరిగినా వాలరీ మళ్ళీ మళ్ళీ ఆ ఇంటికే వెళుతుంది. చూసేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. "దీనికి బుద్ధి లేదా" అంటాం. అంటాం గానీ... ఎక్కడికి వెళుతుంది, ఎవరింట్లో ఎన్నాళ్ళుంటుంది, చేతిలో ఎంత డబ్బుంది, అని మనం అడగం.

అప్పటికి ఆ దేశంలో చట్టం లేదా అంటే, ఉంది. ఆడవాళ్ళ మీద హింసను అరికట్టడానికి 1994లో చట్టం చేశారు, 1996లో దేశమంతటికీ ఒక ఫోన్ సహాయ కేంద్రం పెట్టారు. అయినా వాలరీ ఫోను తీయలేదు. చీట్లు చెప్పే ఆవిడ ఇంటికి వెళ్ళింది. ఎందుకంటే అక్కడ ముఖం చూసి మాట్లాడే మనిషి ఉంది. చట్టం ఉండటం ఒక ఎత్తు, దాని గడప దాకా చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళుండటం ఒక ఎత్తు.

మాట వచ్చింది కాబట్టి, మన దగ్గర సంగతి కూడా కత్తిరించి అలమారలో అతికించుకోండి. గృహహింస నుంచి ఆడవాళ్ళ రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దెబ్బలే కాదు, తిట్లు, డబ్బు ఇవ్వకుండా మాడ్చడం కూడా ఈ చట్టం కింద హింసే. ఇల్లు భర్త పేరునో అత్తమామల పేరునో ఉందని చెప్పి, అందులో కాపురం ఉంటున్న ఇల్లాలిని చట్టప్రకారం కాకుండా గెంటేయడానికి వీల్లేదు. భర్తా అతని బంధువులూ పెట్టే క్రూరహింసకు 1983లో వచ్చిన 498-ఎ సెక్షను పేరు మీరు వినే ఉంటారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 85వ సెక్షను అయింది. మహిళల సహాయానికి ఫోను నంబరు 181. అప్పటికప్పుడు ప్రాణభయమైతే 112. ఈ రెండు నంబర్లూ మీకవసరం లేకపోవచ్చు. మీ దగ్గరికి కళ్ళు ఒత్తుకుంటూ వచ్చే పక్కింటి అమ్మాయికి అవసరం కావచ్చు.

ఇప్పుడు కథలో అసలైన చిక్కు. ఇక్కడ సగం గుట్టు విప్పక తప్పదు, క్షమించండి. ఆనీకి కనిపించిన చెరువు డానీ స్థలంలోదే. వెతికితే గొలుసులతో సహా శవం దొరుకుతుంది. ఆ పిల్లకూ అతనికీ సంబంధం ఉందని తేలుతుంది. పైగా అతను ఎలాంటివాడో ఊరందరికీ తెలుసు. కోర్టులో డిఫెన్సు లాయరు ఆనీని బోనులో నిలబెట్టి గేలి చేస్తాడు. అయినా శిక్ష పడుతుంది. చూస్తున్న మనకు హాయిగా ఉంటుంది. పీడా పోయింది, వాలరీ బతికింది, ఆనీ పిల్లలకిక భయం లేదు!

కానీ ఆనీకి కలలు ఆగవు. ఇంకా ఏదో కనిపిస్తూనే ఉంటుంది. చంపింది డానీ కాదు.

ఇక్కడ మీరైతే ఏం చేస్తారు? నిజం చెప్పండి! తనను మంత్రగత్తె అని తిట్టినవాడు, పసిపిల్లల్ని బెదిరించినవాడు, బయటికొస్తే మొదట తన గుమ్మంలోకే వచ్చేవాడు జైల్లో ఉన్నాడు. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరూ వేలెత్తి చూపరు. సినిమా ఆపి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా మనసు "ఊరుకోవే తల్లీ" అనే అంది. ఆనీ ఊరుకోలేదు. లేచి ప్రాసిక్యూటరు దగ్గరికి వెళుతుంది. ఆయనకేమో కేసు మళ్ళీ తెరవడం ఇష్టం లేదు. ఆయనకూ దాచుకోవలసిన సంగతి ఒకటుంది మరి! మంచివాడి కోసం నిజం చెప్పడం తేలిక. చెడ్డవాడి కోసం, అదీ మన శత్రువు కోసం చెప్పడం ఎంత కష్టమో కేట్ బ్లాంచెట్ ముఖంలో చూడాలి. ఏడుపులు, పెడబొబ్బలు లేవు. అలసిపోయిన కళ్ళతోనే అంతా చెబుతుంది.

ఇంకొక్క మాట. భార్యను చావబాదిన నేరానికి డానీని ఆ ఊరు ఒక్కనాడు బోనెక్కించలేదు. అది వాళ్ళ ఇంటి గొడవ అనుకుంది. ధనవంతుడి కూతురు చచ్చిపోయాక మాత్రం, "వాడే చేసుంటాడు, వాడు అలాంటివాడే" అంది. చేసిన తప్పుకు శిక్ష లేదు, చేయని తప్పుకు పడింది. అసలు హంతకుడు అందరి మధ్యా తిరుగుతూనే ఉన్నాడు. వాలరీ ఒంటి మీది దెబ్బలను ఊరు అప్పుడే పట్టించుకుని ఉంటే, అతని సంగతి వేరే, ఈ హత్య సంగతి వేరే అని విడదీసి చూసే ఓపిక ఉండేదేమో! సదరన్ గోథిక్ అంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. దయ్యం చెరువులో లేదు. ఊరి మౌనంలో ఉంది.

ఇక ఆనీ ఇంట్లో సంగతి. అందరి గోడూ వినే ఈ తల్లి పెద్దకొడుకు మైక్ స్కూల్లో తగాదాలు పడుతుంటాడు. పిల్లాడికి తండ్రి గురించి మాట్లాడాలని ఉంది. ఆనీ మాట్లాడదు. ఆ దుఃఖాన్ని మూటగట్టి అటకెక్కించేసింది. ఊరివాళ్ళ మనసుల్లో ఏముందో తెలిసిన మనిషికి కన్నకొడుకు మనసులో ఏముందో తెలియదా? తెలుసు. తెలిసీ, ఆ తలుపు తెరిస్తే తను కూలిపోతానేమోనని భయం. మనం మాత్రం చేయడం లేదా ఈ పని? ఫోనులో చెల్లెలికి గంటసేపు ధైర్యం చెప్పి, పక్కనే ముఖం ముడుచుకుని కూర్చున్న పిల్లాణ్ణి "హోంవర్కు చేశావా" అని మాత్రం అడుగుతాం.

బడ్డీ విషయంలోనూ అంతే. ఒకనాడు అతను తన బాధ చెప్పుకోవాలని పరుగెత్తుకొస్తాడు. ఆ రోజు ఆనీ తన గొడవల్లో తాను మునిగి ఉంటుంది. ఇప్పుడు కాదు, తరువాత అంటుంది. ఆ తరువాత జరిగేది చాలా ఘోరం. అది ఆవిడ తప్పా? కాదనే అంటాను నేను. ఒక్క మనిషి ఎంతమందికని చెవి ఒగ్గుతుంది? ఊరంతా కలిసి పంచుకోవలసిన పనిని ఒక్క ఆడదాని నెత్తిన పెట్టి, ఆవిడకు తలనొప్పి వచ్చిన రోజున అనర్థం జరిగితే ఆవిడనే అంటే ఎలా? వినేవాళ్ళకూ ఒక వినేవాళ్ళుండాలి. ఆనీకి ఎవరూ లేరు. చివరికి ఆ తల్లీ పిల్లలూ కలిసి తండ్రి సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. హంతకుడు దొరికినప్పుడు కూడా అంత ఊరట కలగలేదు నాకు.

చూడాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. నిడివి రెండు గంటల లోపే. పిల్లలతో కలిసి చూసే సినిమా మాత్రం కాదు. అమెరికాలో దీనికి పెద్దవాళ్ళ తోడు లేనిదే పదిహేడేళ్ళలోపు వాళ్ళను రానివ్వని 'ఆర్' సర్టిఫికెట్ ఇచ్చారు. కొట్టే దృశ్యాలు, శవం, బూతులు ఉన్నాయి. ఇంట్లో అలాంటి దెబ్బలు చూసి పెరిగినవాళ్ళకు కొన్నిచోట్ల ఊపిరి ఆడదు, అక్కడ లేచి మంచినీళ్ళు తాగిరండి, ఫరవాలేదు. మధ్యాహ్నం ఆయన ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు వెళ్ళాక, పొయ్యి మీద ఏమీ పెట్టకుండా చూడండి. పాలు పొంగినా తెలియదు!

వీలైతే చెల్లెలినో, తోడికోడలినో, పక్కింటావిడనో పిలుచుకుని చూడండి. అయిపోయాక చాయ్ పెట్టుకుని కాసేపు మాట్లాడుకోండి. ఆనీ చోట మీరుంటే నోరు విప్పేవారా, ఊరుకునేవారా? మా వదినా నేనూ దీని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. మీ జవాబు ఉత్తరం రాయండి. హంతకుడెవరో సగంలోనే పసిగట్టినవాళ్ళు అది కూడా రాయండి. పక్కింటివాళ్ళకు మాత్రం ముందే చెప్పేయకండి సుమా!